ఒకే పేరు మీద రెండు టికెట్లు

“మీ కార్డు తీసుకోవడం లేదండీ,” అన్నాడు వెయిటర్, హైతమ్ ముఖంలోకి చూడకుండా.

హైతమ్‌కి తల కొట్టేసినట్టయింది. అమ్మాన్‌లో బిల్లు దగ్గర పోట్లాడని మగవాడు ఉండడు. బావమరిది నిదాల్ జేబులో చెయ్యి పెట్టబోతే ఆ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఈ బిల్లు తాను కట్టకపోతే పెళ్ళాం తనకి పెళ్ళామే కాదని ఇందాకే నలుగురిలో ఒట్టు పెట్టుకున్నాడు.

నిదాల్ తాపీగా డబ్బు కట్టేశాడు. “అయితే బావా, మా చెల్లెల్ని ఇవాళే తీసుకుపొమ్మంటావా, రేపు రమ్మంటావా?”

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. హైతమ్ కూడా నవ్వాననిపించుకుని బయటపడ్డాడు. ఆ ఒట్టు సంగతి అతనికంటే ముందే ఇల్లు చేరింది. అప్పటినుంచి భార్య రూలా అతనితో మాటలు మానేసింది. కంచం ముందు పెట్టి, కూర ఇంకా కావాలా అని గోడని అడిగేది.

మర్నాడు దుకాణంలో కూర్చుని ఫోన్లో చూసుకుంటే సంగతి తెలిసింది. బేరూత్ విమానం టికెట్టు డబ్బు రెండుసార్లు పట్టేశారు. కార్డు పరిమితి దాంతోనే నిండిపోయింది.

ఆ టికెట్టు కొడుకు సబ్రీ కోసం. బేరూత్‌లో హైతమ్ మేనత్త వదాద్ మంచం పట్టింది, ఇక ఎన్నాళ్ళో ఉండదని కబురొచ్చింది. చెల్లెల్ని ఒక్కసారి కళ్ళారా చూసొస్తానని హైతమ్ తండ్రి అడిగాడు. ఆయన తన తండ్రి పేరే కొడుక్కి పెట్టుకున్నాడు; హైతమ్ పుట్టిన నాటినుంచి వాడకట్టంతా ఆయన్ని అబూ హైతమ్, అంటే హైతమ్ నాన్న, అనే పిలుస్తుంది, అసలు పేరు పలికేవాళ్ళే లేరు. బేరాలు లేని రోజులు, ఇంటి తరఫున సబ్రీ వెళ్ళొస్తాడులే అని హైతమ్ అనేశాడు. “అలాగే నాన్నా,” అన్న ముసలాయన మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అది గుర్తొచ్చినప్పుడల్లా హైతమ్‌కి సిగ్గేసేది. టికెట్టు పని రూలాకి అప్పజెప్పి, కార్డు చేతిలో పెట్టి తప్పుకున్నాడు.

ట్రావెల్స్ ఆఫీసుకి ఫోన్ చేస్తే మైసూన్ అనే అమ్మాయి పలికింది.

“మేడమ్ రెండే కదా సార్ తియ్యమన్నారు. రెండూ సబ్రీ హైతమ్ తబ్బా పేరు మీదే ఉన్నాయి.”

“మావాడొక్కడు రెండు సీట్లలో ఎలా కూర్చుంటాడమ్మా?”

“వివరాలన్నీ మేడమే చెప్పారు సార్. ఒక్కసారి ఆవిణ్ణి అడిగి...”

“వాడికి పేరు పెట్టింది నేను, దాని పక్కనున్న తండ్రి పేరూ నాదే. నువ్వు నాకు నేర్పక్కర్లేదు,” అని ఫోన్ పెట్టేశాడు.

రూలాని అడగాలంటే ఇద్దరి మధ్య మాటలే లేవు. పైగా నలుగురిలో పోయిన పరువు గురించి ఆమె ముందు నోరెత్తడానికి మొహం చెల్లలేదు. నేరుగా బ్యాంకుకి వెళ్ళాడు. అక్కడి అధికారి చూశాడు: అదే పేరు, అదే విమానం, అదే మొత్తం. రెండోసారి పడిందన్న మాటకి ఎవరూ అడ్డు చెప్పలేకపోయారు. డబ్బు వెనక్కి వచ్చింది. మైసూన్‌ని వాళ్ళ యజమాని అందరి ముందూ చీవాట్లు పెట్టాడని విని హైతమ్‌కి మనసు కాస్త చివుక్కుమంది. అయినా ఆ రోజే నిదాల్‌ని వెతుక్కుంటూ వెళ్ళి, నవ్విన వాళ్ళందరి ఎదుటే బాకీ తీర్చేశాడు.

ప్రయాణం రోజు ముసలాయన నున్నగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ కోటు తొడుక్కుని అందరికంటే ముందే కారెక్కాడు. తాను వెళ్ళాల్సిన ఊరికి మనవణ్ణి సాగనంపడానికి ఇంత ముస్తాబా అనుకుంటే హైతమ్‌కి ప్రాణం చచ్చిపోయినంత పనైంది. వెనక రెండు పెట్టెలున్నాయి. అత్తకోసం ఇంట్లో ఉన్నదంతా సర్దేశారనుకున్నాడు. రూలా మాత్రం ఎందుకో చాలా రోజుల తర్వాత అతనివైపు చూసి నవ్వింది.

విమానాశ్రయంలో ఆమే ముందుకెళ్ళి కౌంటరు మీద పాస్‌పోర్టులు పెట్టింది. అక్కడున్న అమ్మాయి కంప్యూటర్‌లో చూసి నొసలు ముడిచింది.

“ఇందులో ఒక టికెట్టు రద్దయింది. రెండుసార్లు పడిందని మీ బ్యాంకే చెప్పింది.”

“చెప్పించింది నేనే,” అన్నాడు హైతమ్, తల పైకెత్తి. “ఒకే పేరు మీద రెండెందుకు?”

రూలా చటుక్కున మామగారి వైపు తిరిగింది.

ఆ అమ్మాయి ఒక పాస్‌పోర్టుని ముసలాయన చేతికి తిరిగిచ్చి, “క్షమించండి, సబ్రీ హైతమ్ గారూ,” అంది.