ఆదివారం ఆయా

పచ్చట్లో ఉప్పెక్కువైందని కోడల్ని తిడుతూ తిడుతూ వెంకటరమణమూర్తి మధ్యలో ఆగిపోయాడు.

సాయిపద్మ గబుక్కున తలెత్తింది. మావయ్యగారి తిట్టు సగంలో ఆగడమా! ఈ ఇంటికి కోడలై వచ్చాక ఎన్నడూ లేదు.

చూస్తే మూతి ఓ పక్కకి వంకరపోయింది. కుడిచెయ్యి కంచంలోనే వాలిపోయింది.

ఆదివారం. బరంపురంలో కొట్లన్నీ మూత. ఆస్పత్రికి మూత లేదు గానీ, లోపల మనుషులే లేరు.

ఉన్నది ఒక్క కుర్ర డాక్టరు.

"పక్షవాతం. వెంటనే తెచ్చారు, మంచిపని చేశారు. దీనికి ఇంజెక్షనుంది. స్కాన్ తీస్తే గానీ ఇవ్వకూడదు. ఆలస్యమైతే ఇచ్చినా లాభం లేదు."

"తియ్యండి మరి!" అన్నాడు సాయిపద్మ మొగుడు శివరామ్.

"తీసే మనిషి ఇంటి దగ్గర్నుంచి రావాలి. ఆదివారం కదా!"

ఆ మనిషిని తేవడానికి శివరామ్ స్కూటరెక్కి పరిగెత్తాడు. మావగారి స్ట్రెచర్ పక్కన సాయిపద్మ ఒక్కతే మిగిలింది.

స్కాన్ గది ముందు ఓ ఆడమనిషి వంగి నేల తుడుస్తోంది. నీలం చీర, నడుముకి బిగించిన కొంగు, చేతిలో తడిగుడ్డ. ఇంకేం, ఆయా!

"ఏయ్ ఆయా! ఇటు రా. ఈయన్ని కాస్త చూడు."

ఆమె ఇటూ అటూ చూసింది. గుడ్డ పక్కన పడేసి, చేతులు కడుక్కుని వచ్చింది.

"ఆ చొంగ తుడు. దిండు సరిచెయ్యి. కాళ్ళు చల్లబడ్డాయి, రుద్దు."

అన్నీ చేసింది. పెద్దాయన ఎడమచేత్తో ఆమె చెయ్యి పట్టుకుని ఏదో అనబోయాడు. మాట రాలేదు. కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"ఏటి బాబూ, తిట్టాలనుందా? తిడుదువు గాని. మాట రానీ ముందు."

ఏడుస్తూనే నవ్వేసింది సాయిపద్మ. "ఆయన తిట్టకపోతే మా ఇల్లు ఇల్లులా ఉండదే!"

"ఎవులింట్లోనైనా అంతేనమ్మా. ఆ నోరు మూతపడితేనే బయ్యం." కాస్త ఆగి అడిగింది, "ఈ బాబుకి ఎప్పుడొచ్చింది?"

"ఇందాకే. టిఫిన్ తింటూంటే."

ఆమె మళ్ళీ పెద్దాయన కాళ్ళు రుద్దసాగింది.

శివరామ్ స్కాన్ మనిషిని వెనకాల కూర్చోబెట్టుకుని వచ్చాడు. గది తలుపు తెరుచుకుంది. కానీ తలుపు దగ్గర ముందే ఇంకో స్ట్రెచర్ ఉంది. దాని మీద ఓ ముసలాయన పైకప్పుకేసి చూస్తూ పడుకున్నాడు.

"ముందొచ్చినవాళ్ళు ముందు, ఆజ్ఞా," అన్నాడు స్కాన్ మనిషి, 'అయ్యా' అనే మాట ఒడియాలో కలిపి.

సాయిపద్మకి ప్రాణం నిలవలేదు.

"ఆయా! నీకు పుణ్యముంటుంది, ఆ బండి కాస్త పక్కకి లాగు తల్లీ!"

ఆమె ఆ బండి దగ్గరకెళ్ళింది. ముసలాయన దుప్పటి గడ్డం దాకా సర్దింది. నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఇది నిన్నటి రోగవమ్మా. తవరిది ఇప్పటిది. ముందు తవరెల్లండి."

బండి గోడవారకి లాగేసింది. స్కాన్ మనిషి ఆమె మొహం చూసి, పెద్దాయన బండిని లోపలికి తోశాడు.

ఇంజెక్షన్ పడింది. సాయంత్రానికి పెద్దాయన వేళ్ళు కదిలాయి.

సోమవారం పొద్దున్న ఆస్పత్రి నిండా జనమే. పెద్ద డాక్టర్లు, నర్సులు, ఆయాలు. నర్సు దగ్గరుండి పట్టించిన కాఫీ ఒక్క గుక్క మింగి, వెంకటరమణమూర్తి మూతి ముడిచాడు.

"ఇది కాఫీనా, కుడితా?"

మాట ముద్దముద్దగా ఉంటేనేం, తిట్టు తిట్టే! మొగుడూ పెళ్ళాలిద్దరూ సంతోషం పట్టలేక ఏడ్చేశారు.

సాయిపద్మ ఇంటికెళ్ళి, పెళ్ళినాటి నుంచి దాచుకున్న బరంపురం పట్టుచీర తెచ్చింది. ఆయాలందరి మొహాలూ చూసింది. ఆమె లేదు.

"నిన్నటి ఆయా ఏది సిస్టర్? నీలం చీర కట్టుకుందే, ఆమె!"

"నిన్న ఆయాలెవరూ రాలేదమ్మా, ఆదివారం కదా. నీలం చీరంటే... మార్కండి కొర్లమ్మేమో. పొద్దున్నే ఇంటికెళ్ళిపోయింది."

"ఆయా కాకపోతే ఇక్కడేం చేస్తోంది?"

నర్సు ఆ పట్టుచీర కేసి చూసింది. సాయిపద్మ కేసి చూసింది.

"శనివారం నుంచి స్కాన్ కోసం ఆ తలుపు దగ్గరే కాసుకునుంది. తుడిచేవాళ్ళు లేక నేల కూడా తనే తుడుచుకుంది. ఇక మాట రాదన్నారు, తీసుకుపోయింది... మీకోసం పక్కకి లాగిన బండి మీదున్నది ఆమె మొగుడమ్మా."