కడిగిన ముత్యాల్లాంటి చేతులు

"ఏవీ, చేతులు చూపించండి."

భోజనానికి కూర్చోబోతున్న భర్త బడిపిల్లాడిలా రెండు చేతులూ చాపాడు. ఆమె ఒక్కొక్క వేలే పట్టుకుని గోళ్ల సందుల్లోకి తొంగిచూసింది. కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

"మీ బుధవారం సెలవంతా ఏం చేశారు?"

"కారు పనే. కార్బ్యురేటర్ విప్పాం... విప్పాను."

"విప్పామా, విప్పారా?"

"ఆకలేస్తోందే!"

"అతన్ని తిననివ్వవే," అంది పక్క కుర్చీలో ఆమె తల్లి, చక్కెర లేని టీ ఊదుకుంటూ. "మొగుడా, దొంగా?"

అదొకటి. నిన్నమొన్నటిదాకా అల్లుడితో అంటీముట్టనట్టు ఉన్న మనిషి, ఈమధ్య ప్రతిదానికీ అతన్ని వెనకేసుకొస్తోంది.

ఆ పాతకాలపు కారు ఆమె తండ్రిది. ఆయన పోయాక తల్లితోపాటు ఈ ఇంటికొచ్చి, పెరటి షెడ్డులో తుప్పు పట్టింది. "దీన్ని మళ్లీ రోడ్డెక్కించకపోతే చూడు," అని భర్త కిందటేడు ఒక పుస్తకం కొనుక్కుని దాని కింద దూరాడు. అప్పట్లో షెడ్డులోంచి బొగ్గుబస్తా మోసినవాడిలా వచ్చేవాడు. గ్రీజు వదలడానికి చక్కెర, వంటనూనె కలిపి చేతులు రుద్దుకునేవాడు. విప్పినవన్నీ బిగించాక గుప్పెడు నట్లు మిగిలేవి. "కంపెనీవాడు ఎక్కువ వేశాడులే," అనేవాడు.

అలాంటిది రెండు నెలలుగా ఇంజను గొంతు విప్పింది. బ్రేకులు పడుతున్నాయి. మనిషి మాత్రం షెడ్డులోకి ఎలా వెళ్తున్నాడో అలాగే బయటికొస్తున్నాడు.

మర్నాడు ఆఫీసు నుంచి అక్కకి ఫోన్ చేసింది.

"ఏ మెకానిక్‌నో పిలిపించి, తనే చేసినట్టు గొప్ప కొట్టుకుంటున్నాడేమో," అంది అక్క.

"మెకానిక్ వస్తే అమ్మకి కనబడడా? ఎవరూ రాలేదంటోంది."

"మధ్యాహ్నమైతే అమ్మ తలుపేసుకుని పడుకుంటుందన్నావుగా!"

"అదే మరి. ఇంకోటి చెప్పనా? ఇంట్లో చక్కెర నిలవట్లేదు. అమ్మ వేసుకోదు. నేను టీయే తాగను."

అక్క గొంతు తగ్గించింది. "షెడ్డులో ఎవర్నో కూర్చోబెట్టి తియ్యటి టీలు పోస్తున్నాడు. నిప్పు లేనిదే పొగ రాదే పిచ్చిదానా. ముందు ఆ స్పేర్ పార్టుల కొట్టుకెళ్లి ఆరా తియ్యి. నిజమని తేలిందా, అమ్మని తీసుకుని మా ఇంటికి వచ్చెయ్."

కొట్టతను ఆమె ఫలానా అని తెలియగానే నమస్కారం పెట్టాడు.

"సార్ ఇటు రావడమే మానేశారు కదమ్మా! మీరే ఫోన్ చేసి చెబుతున్నారుగా, ఏ వాషరు, ఎంత సైజు అని. మొన్న తప్పు సరుకు పంపితే ఎంత చీవాట్లు పెట్టారు!"

"నేనా?"

"సార్ ఫోన్‌లోంచేగా చేస్తారు. అచ్చం ఇదే గొంతు." అతను ఆమె మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు. "మీరు కాదా?"

ఆమె బయటికొచ్చి మెట్లు దిగింది. పెళ్లయిన ఇన్నేళ్లలో అతని ఫోన్ తను ఒక్కసారీ ముట్టుకోలేదు. ఇంకెవరో చనువుగా తీసి మాట్లాడుతున్నారు.

ఇంటికెళ్లేసరికి తల్లి కుళాయి దగ్గర తన బట్టలు తనే ఉతుక్కుంటోంది. ఈమధ్య ఇదో కొత్త అలవాటు.

"అమ్మా, మధ్యాహ్నాలు నువ్వెప్పుడైనా షెడ్డువైపు వెళ్లావా?"

"ఆ కారు పేరెత్తకు," కసిరింది తల్లి. "బతికినన్నాళ్లూ మీ నాన్న దాని కిందే ఉన్నాడు. 'టార్చి సరిగ్గా పట్టు' అనడం తప్ప నాతో ఇంకోమాట ఎప్పుడు మాట్లాడాడు గనక!"

"మనిద్దరం అక్క దగ్గరికి వెళ్లిపోదామా? మళ్లీ రాకపోవచ్చు."

తల్లి చేతులు నీళ్లలో ఆగిపోయాయి. "ఎందుకే?"

"తర్వాత చెప్తాను."

"నువ్వేం చెప్పినా నేను రాను. నాకిక్కడ బాగుంది."

కన్నతల్లి కూడా అతని పక్షమే!

తర్వాతి బుధవారం పెట్టె సర్ది మంచం కిందికి తోసి మరీ ఆఫీసుకి వెళ్లింది. మధ్యాహ్నం సెలవు పెట్టి తిరిగొచ్చింది. తల్లి గది తలుపు వేసుంది. ఈ రభసంతా ఆవిడ కళ్లబడకుండానే తేల్చుకోవాలని చెప్పులు చేత్తో పట్టుకుని, అడుగులో అడుగేసుకుంటూ పెరట్లోకి నడిచింది.

షెడ్డు తలుపు ఓరగా ఉంది. లోపల్నించి భర్త గొంతు, తనతో ఎన్నడూ మాట్లాడనంత మెత్తగా.

"ఇవాళ్టికి చాలండీ, మీరు అలిసిపోయారు. ఇంట్లో తెలిసిందంటే నన్ను బతకనివ్వదు."

జవాబుగా లోతుగా ఎక్కడినుంచో ఒక ఆడగొంతు కిసుక్కున నవ్వింది. వెంటనే సుత్తి దెబ్బలు మొదలయ్యాయి.

ఆమె తలుపు తోసింది. కారు పక్కన గోనెపట్టా మీద మోకరిల్లిన భర్త ఉలిక్కిపడి తిరిగాడు. అతని చేతిలోని టార్చి వెలుగు కారు కిందనుంచి జారి గోడెక్కింది.

"ఎవరది?" ఆమె చేతిలోని చెప్పులు నేలకేసి కొట్టింది. "మర్యాదగా బయటికి రమ్మనండి!"

అతను అరవొద్దన్నట్టు చెయ్యి ఊపాడు. కారు కింద మాత్రం సుత్తి దెబ్బలు టంగుటంగున మోగుతూనే ఉన్నాయి. చివరికి అవీ ఆగాయి. చీకట్లోంచి విసుగ్గా ఒక కసురు వినిపించింది.

"టార్చి సరిగ్గా పట్టండి, అల్లుడుగారూ!"