దొరికిన వస్తువుల గది

“ఇది మీది కాదని మీరే రాసి సంతకం పెట్టారు. ఇప్పుడొచ్చి నాదేనంటే ఎలా ఇస్తాను?” అంటూ దొరికిన వస్తువుల గది చూసుకునే మేడం రిజిస్టరు తిప్పి కండక్టరు ముందుకు తోసింది.

కండక్టరు తన రాత తానే చదువుకున్నాడు. ‘సెల్‌ఫోను ఒకటి. వెనక సీటు కింద దొరికింది. ఎవరిదో తెలియదు.’ కింద అతని సంతకమే, పొల్లు పోకుండా ఉంది.

బస్టాండులో ఆ గదికి చేరిన వస్తువు ముప్పై రోజులే ఉంటుంది. ఆలోగా ఎవరూ రాకపోతే వేలం బండి ఎక్కుతుంది. ఇవాళ ముప్పయ్యో రోజు. బండి కదిలేది ఐదింటికి. ఇంకా ఇరవై నిమిషాలుంది. బయట బండి డ్రైవరు ఇప్పటికే గొడుగులన్నీ కట్ట కట్టేస్తున్నాడు.

“నాదే మేడం. కావాలనే అబద్ధం రాశాను,” అన్నాడు కండక్టరు గొంతు తగ్గించి. “నెల రోజులు ఫోను ముట్టుకోనని మా అమ్మాయికి మాటిచ్చాను. బీరువాలో పెడితే తాళం తీసేస్తాను. అటక మీద పెడితే నిచ్చెన వేస్తాను. మీ చేతిలో పడితే మాత్రం ఎవరొచ్చి కాళ్ళావేళ్ళా పడ్డా ఇవ్వరు కదా అని...”

“ఇవ్వను,” అంది మేడం గర్వంగా. వెనకాల అందరూ ‘ఇనప్పెట్టె’ అంటారని ఆమెకి తెలుసు. ఆ పేరంటే ఆమెకి లోపల్లోపల ముచ్చట కూడాను.

కండక్టరు పక్కనే అతని ఎనిమిదేళ్ళ కూతురు బడి సంచీతో నిలబడి ఉంది. నాన్న గెలిచే రోజు కాబట్టి దగ్గరుండి చూడాలని పట్టుబట్టి వచ్చింది. “నిజం ఆంటీ, నాన్న ఒక్కరోజు కూడా తప్పలేదు,” అంది.

“సాక్ష్యం చెల్లదమ్మా. గుర్తు కావాలి,” అని మేడం తండ్రి వైపు తిరిగింది. “మీ నంబరుకి చేస్తే ఇది మోగుతుందా?”

“మోగదండీ. సిమ్ము ఇందులో వేసుకున్నాను.” జేబులోంచి మీటల ఫోను తీసి చూపించాడు.

“పోనీ, తెర మీద ఏ బొమ్మ ఉంటుంది?”

“కొండ. కొన్నప్పటి నుంచీ అదే.”

మేడం తన వెనకాల చార్జింగులో ఉన్న ఫోన్ల వరసని ఓసారి చూసింది. “వీటిల్లో సగం కొండలే. తెరిచే నంబరు చెప్పండి.”

“అది ఎప్పుడో మర్చిపోయాను. ముఖం చూపిస్తే తెరుచుకునేది.”

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా! చూపించండి.”

కండక్టరు హుషారుగా ఫోను అందుకుని ముఖానికి ఎదురుగా పెట్టాడు. తెర మీది తాళం అటూ ఇటూ ఊగి ఆగిపోయింది. టోపీ పెట్టుకుని చూపించాడు. తెరుచుకోలేదు. టోపీ తీసి, తల దువ్వుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. ఊహూఁ.

“మీరెవరో తెలియదంటోంది,” అంది మేడం.

కండక్టరు కంగారుగా ఫోను తెర తుడిచాడు. కూతురు పుట్టిన గంట నుంచీ తీసిన ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకెక్కడా లేవు.

కూతురు అతని చొక్కా పట్టుకు లాగింది. “కంగారుపడకు నాన్నా. నీకో సంగతి చెప్పనా? మా క్లాసులో ఒకమ్మాయి ఊడిన పన్ను మింగేసింది.”

“అయ్యయ్యో!” కండక్టరు ఫోను బల్ల మీద పెట్టేసి కూతురి వైపు వంగాడు. “ముందు పన్నా, దవడ పన్నా?”

“ముందుదే.”

“ఏడ్చిందా పాపం?”

“లేదు, మా టీచరే ఏడ్చినంత పని చేసింది!”

తండ్రీ కూతుళ్ళు పగలబడి నవ్వారు. ఇనప్పెట్టె కూడా కాస్త తెరుచుకుని నవ్వి, వెంటనే మూసుకుంది. “నెల కిందట దీన్ని తెచ్చిచ్చిన మనిషి మీరేనా అని నాకే అనుమానంగా ఉంది. చూడండి, ఇంకొక్కసారే అవకాశమని తెర మీద రాస్తోంది. అదీ తప్పితే నేనేం చేయలేను.”

బండి డ్రైవరు గోనెసంచి విప్పుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. “మేడం, ఫోన్లు వేసేసుకోనా?”

కండక్టరు ఏ ముఖం పెట్టాలో తోచక తెర వైపు బిక్కచచ్చి చూస్తూ ఉండిపోయాడు.

కూతురు కాసేపు తండ్రినీ, ఫోనునీ మార్చి మార్చి చూసింది. తర్వాత అతన్ని బల్ల పక్కనున్న స్టూలు మీద కూర్చోబెట్టి, ఫోను చేతికిచ్చింది.

“ఇంత ఎత్తున కాదు, ఒళ్ళో పెట్టుకో. నావైపు చూడకు. నేను పన్ను సంగతి మళ్ళీ చెప్తాను. ఇప్పుడు విన్నట్టు కాదు నాన్నా, ఇదివరకు వినేవాడివే, అలా విను.”

కండక్టరు ముఖం చిన్నబోయింది. సిగ్గుపడుతూనే మెల్లగా తల దించాడు. రెప్పలు సగం వాల్చి, కింది పెదవి వేలాడేశాడు.

“నాన్నా, మా క్లాసులో ఒకమ్మాయి పన్ను మింగేసింది.”

“ఊఁ... మంచిది,” అన్నాడు.

ఫోను టక్కున తెరుచుకుంది.