కుదురులేని పెద్దమ్మ

క్లినిక్కు గుమ్మం దాకా వచ్చి కూడా దుర్గాంబ మనసు వెనక్కే లాగుతోంది.

కనిగిరిలో బట్టల దుకాణం మూసి, ఎనిమిదేళ్ల కూతురు వాసవిని వెంటబెట్టుకుని మార్కాపురం వచ్చింది. పిల్ల క్లాసులో కూర్చోదు. లెక్క సగం చేసి కిటికీలోంచి చూస్తూ ఉండిపోతుంది. డాక్టరుకు చూపించి పరీక్ష చేయించమంది టీచరు.

"ఏడీహెచ్‌డీ అని, అదే మనసు ఒకచోట నిలవని జబ్బని తేలితే? జన్మలో ఆ ముద్ర పోతాదా?" అన్నాడు ఇంటి దగ్గర మామ కాశీవిశ్వనాథం.

"నేను చెడ్డపిల్లనా అమ్మా?" అని మొన్న అన్నం తింటూ అడిగింది వాసవి.

ఆ రెండు మాటల మధ్య నలిగిపోతూ దుర్గాంబ కుర్చీలో కూలబడింది.

వాసవి కూర్చోలేదు. ఒక కుర్చీ మీంచి ఇంకో కుర్చీ మీదికి దూకుతోంది.

"కూర్చోవే! అందరూ చూస్తుండారు."

అంతలో ఒక పెద్దావిడ లేచి వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. ఇందాకటి నుంచీ ఆమె కూడా ఒకచోట నిలవలేదు. ఫ్యాను వేసింది, ఆపింది, మళ్లీ వేసింది. చెప్పులొక మూల, సంచి ఒక మూల వదిలేసింది.

"ఒప్పులకుప్ప ఆడదామా బంగారూ?"

ఇద్దరూ చేతులు పట్టుకుని గిర్రున తిరిగారు. వాసవి పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో!

సంతోషించాల్సింది పోయి దుర్గాంబకు ఒళ్లు మండింది.

"ఏంది పెద్దమ్మా, దాన్ని కూర్చోబెట్టలేక నేను చస్తుంటే! కుదురుగా కూర్చోమని చిన్నప్పుడు నీకెవురూ చెప్పలేదా?"

పెద్దావిడ ఆయాసపడుతూనే నవ్వింది.

"అందరూ చెప్పినారు తల్లీ. మా నాయన చెప్పినాడు, అయివారు చెప్పినాడు, అత్త చెప్పింది. నేనే చెడ్డదాన్నేమో అనుకుంటా సగం బతుకు గడిపినా. ఎందుకు కూర్చోలేకపోతుండావని మాత్రం ఒక్కరే అడిగినారు. దానికి ఒక పేరుందని తెలిసినాక ప్రాణం ఎంత తేలికైందో!"

"ఎవురడిగినారు?"

బయట ఆటో హారన్ మోగింది.

"అయ్యో, గిద్దలూరు బస్సు పోతాది!" అంటూ ఆమె పరుగెత్తింది.

క్షమించమని అడుగుదామని దుర్గాంబ వెనకే వెళ్లింది. ఆటో అప్పటికే మలుపు తిరిగిపోయింది.

"వాసవీ!" లోపలి నుంచి పిలుపు.

దుర్గాంబ ఈసారి ఆలోచించలేదు. కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది.

"పరీక్ష చేయండి డాక్టరమ్మా. ఏదున్నా తెలుసుకుంటాం. మా మామకు నేను చెప్పుకుంటా."

"ధైర్యంగానే వచ్చినారే!"

"బయట ఒక పెద్దమ్మ ఇచ్చిన ధైర్యం. నేనేమో ఆమెను నోటికొచ్చినట్ల అంటిని. ఆమెకు ఇదేందో చెప్పినోళ్లెవరో చల్లగా ఉండాల."

డాక్టరమ్మ వాసవి ముందు రంగుపెన్సిళ్లు పెడుతూ నవ్వింది.

"చెప్పింది నేనే. చదువైపోయినాక నేను మొట్టమొదట పరీక్ష చేసింది ఆమెకే... మా అమ్మ."