పెరట్లో మొలిచినవి

వాన వెలిసిన మర్నాడు పెరట్లో, కొట్టేసిన చెట్టు మొద్దు చుట్టూ వింత పుట్టగొడుగులు లేచాయి. ఒక్కొక్కటీ తెల్లటి గుడ్డు చీల్చుకుని తల బయటపెట్టినట్టుంది.

ఆ ఇంట్లో కొత్తగా అద్దెకు దిగిన మెకానిక్ ఫోనుతో ఫొటో తీసి, అవేమిటో అందులోనే వెతికి చూశాడు.

"తినేవేనట!" అన్నాడు భార్యతో. ఫోను చెప్పాక ఇక తిరుగేముంది!

ఆవిడ మిరియాలు చల్లి వేయించింది. మొదటి గిన్నె పాపకిచ్చింది. పాప చెంచా ఎత్తి ఊదుకుంటోంది.

పెరటి తలుపు ధడేలుమంది. గడ్డం మాసిన మనిషెవరో దూసుకొచ్చి పాప చేతిలోని గిన్నెను ఒక్క దెబ్బతో ఎగరగొట్టాడు. పాప కిందపడి కెవ్వుమంది.

"ఎవడ్రా నువ్వు?" మెకానిక్ అతని మెడ పట్టుకున్నాడు.

"అవి విషం. తిననివ్వకండి."

"నీకెలా తెలుసు?"

అతను విదిలించుకుని పొయ్యి మీది మూకుడును తోసేశాడు. వేడి నూనె చింది ఇల్లాలి పాదాలు కాలాయి.

మెకానిక్‌కి ఒళ్ళు తెలియలేదు. అతన్ని పెరట్లోకి ఈడ్చి, చేతికందిన రెంచీతో బాదాడు.

"డాక్టరువా? చెప్పరా! నీకెలా తెలుసు?"

అతని మోచెయ్యి విరిగింది. అయినా నోరు విప్పలేదు. రెండో చేత్తో నేల మీద పాకుతూ, మిగిలిన పుట్టగొడుగుల్ని పీకి నలిపేస్తున్నాడు.

ఆ మొండితనం చూసి మెకానిక్ మరీ రెచ్చిపోయాడు. ఈసారి దెబ్బ తల మీద పడింది.

కేకలు విని పక్కింటి నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది.

"పాప... తిందా?" అన్నాడతను నెత్తుటి నోటితో.

"లేదు," అంది పాప తల్లి.

అతని మొహం తేటపడింది. ఆ తర్వాత కళ్ళు కదల్లేదు.

నర్సమ్మ నాడి పట్టి చూసి, చెయ్యి మెల్లగా నేల మీద పెట్టింది.

"చంపేశావు కదయ్యా!"

మెకానిక్ చేతిలోంచి రెంచీ జారిపోయింది.

"ఎలా తెలుసో చెప్పమంటే చెప్పడే! ఒక్క ముక్క చెప్పుంటే వదిలేసేవాణ్ణి కదమ్మా!"

"ఏమని చెప్తాడు?" అంది నర్సమ్మ. "వాన పడితే చాలు, వచ్చి వీటిని పీకేసి పోతుంటాడు. పోయిన వానాకాలం ఈ ఇంట్లో ఉన్నది వాళ్ళే. ఇవి మంచివేనని కోసుకొచ్చి, వద్దని మారాం చేస్తున్న కూతురికి బుజ్జగించి తన చేత్తో తినిపించింది ఆయనే."