వంకర ముక్కు, తడి పోచ

ఏటి ఒడ్డున తుమ్మచెట్టు మీద గిజిగాళ్ల బడి ఒకటుండేది. వానలు దిగేలోగా పిల్లలంతా కొమ్మకు గడ్డిపోచతో మొదటి ముడి వెయ్యాలి. వెయ్యలేనివాణ్ణి ఇంటికి పంపెయ్యడం అక్కడి ఆచారం.

సోమన్నది పుట్టుకతోనే వంకర ముక్కు. పాపం, ఎంత చుట్టినా పోచ జారిపోయేది. ఓబులేమో తన ముడి ఎప్పుడో వేసేసి, ఊసుపోక పక్కవాళ్ల ముడులు విప్పేవాడు.

"ఒరేయ్ సోమూ, ముక్కు అద్దెకు తెచ్చుకోరాదట్రా!" అని ఒకనాడు వెక్కిరించాడు.

కొడుకును చూడ్డానికి బడికొచ్చిన సోమన్న తల్లి అది విని కళ్లొత్తుకుంది. "పంతులుగారూ, వీణ్ణి తీసుకుపోమంటారా?"

పంతులు సోమన్న పోచను పట్టి చూశాడు. ఎండి బిరుసుగా ఉంది. "అందరికీ ఒకే గడ్డి పంచేశానే!" అనుకుంటూ ఏట్లో నానిన మెత్తటి పోచ తెచ్చి ఇచ్చాడు. ఓబులును పిలిచి, "నీకు ముడులు చాలవురా. గూటికి గొట్టంలా పొడుగాటి దారి అల్లు, చూద్దాం" అన్నాడు.

ఎండుపోచతో ఎంత అల్లినా ఆ దారి తెగుతూనే ఉంది. ఓబులుకిక వెక్కిరించే తీరికే లేదు. చివరికి మెల్లిగా జరిగి, "ఒరేయ్ సోమూ, ఆ తడిపోచ నాకూ ఒకటియ్యరా" అన్నాడు.

పొద్దు వాలేసరికి సోమన్న ముడి బిగిసింది. తల్లి దాన్ని పట్టుకుని వేలాడి చూసింది. ఊడలేదు.

"స్వామీ, చల్లగా చూశావు! రేపూ పంపించనా పంతులుగారూ?"

"పంపకపోతే రెండో ముడి ఎవరు వేస్తారమ్మా?"