అరవై ఒకటి, అరవై

“నాలుగు రోజులైంది బాబూ, ముద్ద ముట్టట్లేదు. మీరైనా సెప్పండి,” అంది బుల్లమ్మ, గేటు దగ్గరే ధనరాజు చేతిలో సంచీ అందుకుంటూ.

పదిహేనేళ్లుగా ఆమె ఆ బిషప్ హౌస్‌లో వంటమనిషి. చెప్పేది తన బిషప్పు దాలయ్య గురించి. వింటున్న ధనరాజు పక్క మేత్రాసనానికి, అంటే పక్క చర్చిల పరిధికి, బిషప్పు.

“జొరమేటమ్మా?”

“జొరమూ లేదు, గిరమూ లేదు. ఆ మీటింగు నుంచి వచ్చిన కాణ్ణుంచీ ఇంతే. నిన్న పేట నుంచి సేపలోళ్లొచ్చినారు. నిద్దరోతన్నానని సెప్పీమన్నారు. ఎన్నడైనా అలగన్నారేటి ఆయన? ఎవులో ఆయన్ని బాగా కష్టపెట్టినారు బాబూ.”

గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ధనరాజు తల దించుకున్నాడు. కష్టపెట్టింది ఎవరో ఆయనకు తెలుసు.

ఆ మీటింగు దేశంలోని బిషప్పులందరి సమాఖ్య సభ. బయటివాళ్లు ఏమనుకున్నా, సమాఖ్య అధ్యక్షుడు మిగతా బిషప్పులకు పైఅధికారేమీ కాదు. ఎవరి మేత్రాసనం వారిదే, ఒకరి దాంట్లో ఇంకొకరు వేలు పెట్టడానికి లేదు. శ్రీకాకుళం తీరం నుంచి చేపల వేటకని గుజరాత్ వెళ్లినవాడికి అక్కడ కష్టమొస్తే, ఇక్కడి బిషప్పు ప్రార్థన చేయగలడు, అక్కడి బిషప్పుకి ఒక ఉత్తరం రాయగలడు. ఆపైన ఏం జరగాలన్నా సమాఖ్యే కదలాలి. అందులో చదువులకో కమిషనుంది, వైద్యానికో కమిషనుంది, వలస పోయిన వేటగాళ్ల కోసమంటూ ఏదీ లేదు. తాను అధ్యక్షుడైతే ముందు ఆ పనే చేస్తానని దాలయ్య పేటపేటకీ తిరిగి మాటిచ్చాడు.

ఎన్నిక రహస్య చీటీలతో. రిటైరైన బిషప్పులు వచ్చి కూర్చోవచ్చు, చీటీ మాత్రం ఇవ్వరు. మొదటి రెండు విడతల్లో ఎవరికీ సగం దాటలేదు. మూడో విడతకి ముందున్న ఇద్దరే మిగిలారు, దాలయ్యా, వేరే రాష్ట్రం బిషప్పు ఒకాయనా. అరవై ఒకటి, అరవై. ఒక్క ఓటుతో దాలయ్య ఓడిపోయాడు.

ఆ ఒక్క ఓటూ ధనరాజుది.

ఇద్దరిదీ ఒకే పేట. ఒకే రోజు ట్రంకుపెట్టెలు నెత్తిన పెట్టుకుని సెమినరీకి వెళ్లారు. ఆనాటి నుంచీ ప్రతి మెట్టు మీదా దాలయ్యే ఒక అడుగు ముందు. ఈ ఒక్కటీ వాడికి రాకపోతే ఏం పోయింది అనిపించింది ధనరాజుకి. అసూయ. అరవై రెండేళ్ల వయసులో, మెడలో శిలువ వేసుకుని, శుద్ధ అసూయ. పెన్ను మూత పెట్టేలోపే సిగ్గేసింది గానీ, చీటీ అప్పటికే పెట్టెలో పడింది.

దాలయ్య వరండాలో కూర్చుని ఉన్నాడు. పక్కన స్టూలు మీద పళ్లెం మూత తీయకుండానే ఉంది.

“రారా. కూకో.”

“తినట్లేదంటేటిరా?”

“ఆకలెయ్యట్లేదు.”

“ఓట్ల గురించేనా?”

“ఎలిపోయిన దాని గురించి ఎందుకులే. అయినా ఆ కుర్సీ అంటే మాటలేటి? ఎవుల మాటా ఎవులూ ఇనక్కర్లేనోళ్లు నూటిరవై మంది. ఆళ్లందర్నీ ఒక తాటి మీదకి తేవాల. నావల్ల అయ్యీదా?”

“నీవల్ల కాకపోతే ఇంకెవులవల్ల అవుతాది?”

“అందరూ అదే అన్నారు.” దాలయ్య చూపు తిప్పుకున్నాడు. “నువ్వేసినావు, నాకది సాలు.”

ఇంతలో ఫోన్ మోగింది. దాలయ్య పేరు చూసి, తీయకుండా బోర్లించి పెట్టాడు.

“కూర్మమ్మ. కొడుకు ఎల్లాజీ గుజరాత్‌లో పడవెక్కి మూడు నెల్లు. ఇంతవరకూ కబురు లేదు. మీరు పెద్ద అవుతారు, ఎతికిస్తారని ఎదురుసూసింది. ఏటి సెప్పమంటావు దానికి?”

ఫోన్ మళ్లీ మోగింది. మోగి మోగి ఆగింది. ఇక ధనరాజు తట్టుకోలేకపోయాడు.

“స్టోల్ ఏసుకో. పాపసంకీర్తనం సేసుకుంటాను.”

“నా కాడా?”

“నీ కాడే.”

దాలయ్య లోపలికి వెళ్లి, పాపసంకీర్తనం వినేటప్పుడు గురువులు ధరించే ఊదారంగు స్టోల్ మెడలో వేసుకొచ్చాడు. ధనరాజు మోకరించాడు. చీటీ మీద ఎవరి పేరు రాశాడో, ఎందుకు రాశాడో, ఒక్కటీ దాచకుండా చెప్పాడు.

దాలయ్య చెయ్యెత్తి పాపక్షమాపణ ఇచ్చాడు.

“పరిహారానికి మూడు మంగళవార్త జపాలు సెప్పుకో.”

“మూడేనా? నన్ను తిట్టరా దాలిగా. నీ కలే కాదు, ఆ తల్లి ఆశ కూడా తీసేసినాను.”

“లెగు.”

ధనరాజు లేచాడు. దాలయ్య స్టోల్ తీసి, ముద్దు పెట్టుకుని, దాన్ని ధనరాజు మెడలో వేశాడు. కుర్చీ పట్టుకుని మెల్లగా మోకాళ్ల మీదకి దిగాడు.

“ఇప్పుడు నాది ఇను.”

“నా మీద కోపమొచ్చింది, అంతే కదరా? అది పాపమేటి?”

దాలయ్య తల అడ్డంగా ఊపాడు. బోర్లించిన ఫోన్ వైపు ఒకసారి చూశాడు. కళ్లు మూసుకున్నాడు.

“బయమేసి, నా చీటీ మీద నానూ ఆయన పేరే రాసినానురా.”